ఇంగ్లాండ్ పల్లెల్లో శని, ఆదివారాలు: మీరు అడిగారు, మేం చెప్పాం

పిల్లల దగ్గరికి ఇంగ్లాండ్ వెళ్లే పెద్దవాళ్ల ఉత్తరాలు ఈ నెల బాగా వచ్చాయి. వీసా సంగతులు ఎన్నోసార్లు రాశాం కాబట్టి వాటిని పక్కన పెట్టి, అక్కడికెళ్లాక శని, ఆదివారాల్లో పల్లె వైపు వెళ్లాలనుకునేవాళ్ల ప్రశ్నలే తీసుకున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి రెడింగ్‌లో ఉంటాడు. జూన్‌లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. ఒక వీకెండ్‌కి అందర్నీ లేక్ డిస్ట్రిక్ట్ తీసుకెళ్తానని ఇప్పట్నుంచే కాటేజీ వెతుకుతున్నాడు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మనవడికి ఆరేళ్లు. రెండు రోజులకి అంత దూరం అవసరమా?
– రిటైర్డ్ టీచరు, తిరుపతి

జవాబు: అవసరం లేదు మాస్టారూ. ఉత్తరాన కొండలూ సరస్సులూ ఉన్న ఆ లేక్ డిస్ట్రిక్ట్ చూడాల్సిందే, అందులో అనుమానం లేదు. విండర్‌మియర్ సరస్సు ఒక్కటే పది మైళ్లకు పైగా పొడవు, 2017లో ఆ ప్రాంతమంతా యునెస్కో జాబితాలో చేరింది. కానీ రెడింగ్ నుంచి రోడ్డు ఖాళీగా ఉంటేనే నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది, శుక్రవారం సాయంత్రం ఎం6 రోడ్డు ఖాళీగా ఉండడమన్నది జరిగే పని కాదు. ఏ అర్ధరాత్రికో చేరి, శనివారం పొద్దెక్కాక లేచి, ఆదివారం పదింటికల్లా కాటేజీ ఖాళీ చేసి మళ్లీ కారెక్కాలి. దానికి నాలుగు రోజులైనా సెలవు పెట్టమనండి మీ అబ్బాయిని.

ఈసారికి కాట్స్‌వోల్డ్స్ చాలు. రెడింగ్ నుంచి ఇంచుమించు గంటన్నర. రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు కొండలూ పొలాలూ, మధ్యలో తేనెరంగు సున్నపురాయితో కట్టిన ఊళ్లు, ఎలా పడితే అలా కట్టేయకుండా 1966 నుంచి రక్షిత ప్రాంతంగా ఉంచారు. కాకపోతే అక్కడికి వెళ్లిన మనవాళ్లు ఒక పని చేస్తారు, అది మాత్రం వద్దు. తిరుమల దర్శనం అయిన రోజే కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు అన్నీ చుట్టేసినట్టు, ఒక్క శనివారంలో ఆరు ఊళ్లు పెట్టుకుంటారు. ప్రతి ఊళ్లోనూ పార్కింగ్ కోసం అరగంట, ఫొటోలకి పది నిమిషాలు, ఇక పదండి పదండి. సాయంత్రానికి పిల్లలు ఏడుపు, పెద్దవాళ్లకి నడుం నొప్పి.

ఒకే ఊళ్లో దిగండి. బౌర్టన్-ఆన్-ది-వాటర్ మీకు సరిపోతుంది. ఊరి మధ్యలో విండ్‌రష్ అని చిన్న ఏరు పారుతుంది, దాని మీద ఎత్తులేని రాతి వంతెనలు. ఎండాకాలంలో పిల్లలు ప్యాంట్లు మడిచి దిగిపోతారు, నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి, మనవడికి ఇంకో జత బట్టలు సంచిలో ఉండాలి. అక్కడే 1937లో తెరిచిన బొమ్మల ఊరు ఉంది. అదే బౌర్టన్‌ను తొమ్మిదో వంతు సైజులో, అదే రాయితో కట్టారు. ఆ బుల్లి ఊళ్లో ఈ బొమ్మల ఊరికి కూడా ఒక బొమ్మ ఉంటుంది, దాంట్లో ఇంకోటి. ఆరేళ్లవాణ్ని అక్కణ్నుంచి కదిలించడం కష్టం, ఆ గంట మీ ఆవిడ బెంచీ మీద హాయిగా కూర్చోవచ్చు.

సాయంత్రం మోకాళ్లు సహకరిస్తే లోయర్ స్లాటర్ దాకా నడవండి, ఓ మైలు పైచిలుకు, పెద్ద ఎత్తుపల్లాలేమీ ఉండవు. ఆ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ కాలిబాటలే. పబ్లిక్ ఫుట్‌పాత్ అని చెక్క గుర్తు, గేటు గుంజకి పసుపు బాణం ఉంటే, అది ఎవరి పొలమైనా సరే, పంట మధ్య నుంచి నడిచే హక్కు చట్టప్రకారం మీకుంది, ఎవరూ అడ్డుకోరు. తీసి ఉన్న గేటు అలాగే వదిలేసి, మూసి ఉన్న గేటు దాటాక మళ్లీ మూసి వెళ్లాలి, అంతే. దూడలున్న ఆవుల దగ్గరికి మాత్రం పోవద్దు, మన ఆవులనుకుని నుదురు నిమరబోతే అవి ఊరుకోవు.

ప్రశ్న: మా అన్న కాట్స్‌వోల్డ్స్ నుంచి పంపిన ఫొటోల్లో గొర్రెలు, రాళ్ల గోడలు తప్ప ఏమీ కనపడలేదు. దానికోసం అంత డబ్బు పెట్టి పోవాలా?
– డిగ్రీ విద్యార్థి, పలమనేరు

జవాబు: ఆ ఊళ్లు కట్టించింది ఆ గొర్రెలే తమ్ముడూ. మధ్యయుగాల్లో కాట్స్‌వోల్డ్స్ ఉన్ని ఇటలీ దాకా అమ్ముడుపోయేది. ఆ డబ్బుతోనే వ్యాపారులు చిన్న చిన్న ఊళ్లలో కూడా పెద్ద పెద్ద చర్చిలు కట్టించారు. నార్త్‌లీచ్ చర్చిలో ఆ వ్యాపారుల సమాధుల మీద ఇత్తడి రేకులున్నాయి, వాటిమీద బొమ్మల్లో షావుకార్ల కాళ్ల కింద గొర్రె, ఉన్ని మూట ఉంటాయి. బైబరీలో అందరూ ఫొటో తీసుకునే ఆర్లింగ్టన్ రో ఇళ్ల వరస కూడా 1380లో ఉన్ని గిడ్డంగి, 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లయ్యాయి. తర్వాత మిల్లులు యార్క్‌షైర్ వైపు పోయాయి, ఇక్కడ పాతవి పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు లేకపోయింది. అందుకే ఆ ఇళ్లు మిగిలాయి. ఇప్పటికీ జనం వాటిల్లో కాపురం ఉంటున్నారు, ఫొటో కోసం కిటికీల్లోకి తొంగిచూడొద్దని మీ అన్నకి చెప్పు.

ప్రశ్న: మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంది. మేం గుడ్డు కూడా తినం. వీకెండ్ కాటేజీలో వంట చేసుకోవచ్చా? ఇక్కణ్నుంచి ఏం పట్టుకుపోవాలి?
– గృహిణి, చిత్తూరు

జవాబు: చేసుకోవచ్చమ్మా, బుక్ చేసేటప్పుడే వంటిల్లు ఉన్నదా లేదా చూసుకోమనండి, సెల్ఫ్ కేటరింగ్ అని ఉండాలి. ఒకటే చిక్కు, ఎండుమిరపకాయల పోపు. ఆ ఘాటుకీ పొగకీ పైన ఉన్న అలారం ఇల్లు ఎగిరిపోయేలా మోగుతుంది, పిల్లలు హడలిపోతారు. కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేసి, నూనె పొగ రాకముందే ఆవాలు వేయండి. ఇంకా మంచి మాట, పోపు ఇంట్లోనే పెట్టి డబ్బాలో పట్టుకెళ్లండి. అలారానికి గుడ్డ చుట్టడం లాంటివి చేయొద్దు.

పొడులు, నూనె ఊరగాయలు పట్టుకెళ్లండి. పాల పదార్థాలు మన దేశం నుంచి తీసుకెళ్లనివ్వరు, కాబట్టి నెయ్యి డబ్బా, పాలకోవా సంచిలో పెట్టకండి. నెయ్యి బర్మింగ్‌హామ్‌లో మన కొట్లలో దొరుకుతుంది.

బయట తినాల్సి వస్తే పబ్బుకే వెళ్లాలి. కంగారు పడకండి, పల్లెల్లో పిల్లాపాపలతో భోంచేసే హోటల్ కూడా అదే, కాఫీ మాత్రమే తాగి వచ్చినా ఏమీ అనుకోరు. వెజిటేరియన్ అంటే సరిపోదు, వాళ్ల లెక్కలో గుడ్డు వెజిటేరియనే. వేగన్ ఏముందని అడగండి, దాంట్లో గుడ్డూ ఉండదు, పాలూ ఉండవు, టెన్షన్ లేదు. చిప్స్ తీసుకుంటే చేప వేయించిన నూనెలోనే వేయించారేమో అడగాల్సిందే, కొన్ని చోట్ల పశువుల కొవ్వులో వేయిస్తారు. చీజ్ కూడా కొన్నిటిని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరగ్గొట్టి చేస్తారు, ప్యాకెట్ మీద చదవాలి. ఏదీ తోచకపోతే జాకెట్ పొటాటో, అంటే తొక్కతో కాల్చిన పెద్ద బంగాళదుంప, పైన బీన్స్.

చాలా పబ్బుల్లో మధ్యాహ్నం రెండు, రెండున్నరకి వంటిల్లు మూసేసి మళ్లీ సాయంత్రమే తెరుస్తారు. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు ఆరు గంటలే తీస్తారు, అది అక్కడి చట్టం. మూడింటికి ఆకలితో వెళ్తే బిస్కెట్లే గతి, సరుకులు శనివారమే కొనుక్కోండి.

ప్రశ్న: లీడ్స్‌లో మా బావ కారు నేను నడపొచ్చా? నాది ఇండియా లైసెన్సు.
– పుత్తూరు పాఠకుడు

జవాబు: చూడ్డానికి వెళ్లినవాళ్లు ఇండియా లైసెన్సుతో పన్నెండు నెలల దాకా కారు నడపొచ్చు. కానీ మీ బావ కారు ఇన్సూరెన్సులో మీ పేరు చేర్పించాకే తాళం తీసుకోండి, లేదంటే పోలీసులు కారు కూడా పట్టుకుపోతారు. ఎడమవైపే నడపాలి కాబట్టి ఆ బాధ లేదు. పల్లె రోడ్లు మాత్రం ఒక కారే పట్టేంత ఇరుకు, రెండు పక్కలా కంచె, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. రివర్స్ బాగా రాకపోతే స్టీరింగ్ మీ బావకే వదిలేయండి. 60 మైళ్ల స్పీడ్ లిమిట్ ఉన్నా ఆ సందుల్లో ఎవరూ అంత పోరు. గుర్రం మీద మనిషి కనపడితే గంటకు పది మైళ్లకి తగ్గించి, రెండు మీటర్లు ఎడం ఇచ్చి దాటాలి, హారన్ కొట్టకూడదు. చిన్నపిల్లలకి కారులో చైల్డ్ సీటు తప్పనిసరి, పన్నెండేళ్లు నిండేదాకా లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా. ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే కుదరదు.

ప్రశ్న: జూన్‌లో కూడా స్వెట్టర్ కావాలా?
– చంద్రగిరి పాఠకురాలు

జవాబు: కావాలి. దాంతోపాటు టోపీ ఉన్న రెయిన్‌కోటు కూడా, ఆ గాలికి గొడుగు నిలవదు. పొలాల్లో బురద ఉంటుంది, చీర మీద చెప్పులు మానేసి బూట్లు వేసుకోండి. తొమ్మిది దాటినా వెలుగుంటుంది కాబట్టి రాత్రి భోంచేశాక కూడా నడక పెట్టుకోవచ్చు.