నేరం జరగకముందే పట్టుకునే చదువు

ప్రశ్న: మావాడు ఇంజనీరింగ్ అయ్యాక లండన్ వెళ్లి క్రైమ్ సైన్స్ చదువుతానంటున్నాడు. అంటే వేలిముద్రలూ, డీఎన్‌ఏ పరీక్షలేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: కాదండీ, మీరన్నది ఫోరెన్సిక్ సైన్స్, నేరం జరిగాక మొదలయ్యే పని. క్రైమ్ సైన్స్ అంటే అసలు నేరమే జరగకుండా ఏం చేయాలో చూసేది. 1999లో బీబీసీ యాంకర్ జిల్ డాండోని ఆవిడ ఇంటి గుమ్మం ముందే కాల్చి చంపారు, ఆ తర్వాత ఆవిడ పేరుతో 2001లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఓ పరిశోధన కేంద్రం పెట్టారు, మీవాడి మనసులో ఉన్నది బహుశా అదే. దొంగ ఎందుకలా తయారయ్యాడన్న చర్చ కంటే, దొంగతనం అక్కడే, అప్పుడే ఎందుకు జరిగిందన్నది వీళ్లకు ముఖ్యం. ఒక ఇంట్లో దొంగలు పడితే కొన్నాళ్లపాటు ఆ ఇంటికీ, చుట్టుపక్కల ఇళ్లకీ ముప్పు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. (మనవాళ్లేమో ఒకసారి పడ్డారుగా, ఇంక రారులే అనుకుంటారు!) అలాంటప్పుడు పోలీసు గస్తీ ఎటు తిప్పాలో లెక్కతో చెప్పొచ్చు. స్టాటిస్టిక్స్, మ్యాపులు, కంప్యూటర్ అంటే ఇష్టముంటే పంపండి. ల్యాబ్ పనే కావాలంటే మాత్రం లండన్ దాకా ఎందుకు, గుజరాత్‌లోని గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉందిగా.