బీపీ ఉన్నవాళ్లు మోకాళ్ల నొప్పికి రోజూ పెయిన్ కిల్లర్ వేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 60 దాటాయి, బీపీకి మందు వాడుతున్నారు, మోకాళ్ల నొప్పికి రోజూ ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటున్నారు. పారాసిటమాల్ ఇస్తే "అది జ్వరం బిళ్ల, దీనికేం పనిచేస్తుంది" అంటున్నారు. వీటిలో ఏది సేఫ్, ఇంజెక్షన్ అయితే పొట్టకి ఏమీ కాదంటారు, నిజమేనా అని.

నేను డాక్టర్ని కాను. మా అమ్మది అచ్చం ఇదే పరిస్థితి. మోకాళ్లు అరిగాయి, బీపీ ఉంది, షుగర్ కూడా తోడైంది. ఆవిడ మందుల డబ్బా చూసుకునేది నేనే కాబట్టి డాక్టర్లనీ ఫార్మసిస్టులనీ విసిగించి తెలుసుకున్నవి రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. బీపీ ఉన్న పెద్దవాళ్లు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఏ డాక్టరూ చూడకుండా నెలల తరబడి రోజూ మింగడం మంచిది కాదు. నొప్పి ఎక్కువైనప్పుడు కొద్ది రోజులు, తక్కువ మోతాదులో వాడటం వేరు, అది కూడా డాక్టరుకి ఆయన బీపీ మందు పేరు చెప్పిన తర్వాతే.

ఇప్పుడు ఆయన వేసుకునే స్ట్రిప్ ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ముందు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాంతో మనకి పని లేదు. వెనక చీమల బారులా సన్నగా ఉండే అక్షరాల్లో అసలు మందు ఉంటుంది. మా అమ్మ స్ట్రిప్ మీద "ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా." అని ఉండేది. పారాసిటమాల్ తనకి పనిచెయ్యదని వాదించే మనిషి రోజూ దాన్నే మింగుతోందన్నమాట! జలుబు మాత్రల్లో, జ్వరం మాత్రల్లో, కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా అదే ఉంటుంది. మూడు పేర్లతో మూడు రకాలు వేసుకుంటే, లోపలికి పోయేది ఒకే మందు, మోతాదు మాత్రం పెరిగిపోతుంది. ఇంకో చిక్కేమిటంటే, స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చినప్పుడు పేరున్న భాగం అవతలి ముక్కకి పోతుంది. అందుకని కొత్త మందు ఇంటికి రాగానే స్ట్రిప్ వెనక వైపు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటాను. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ ఫొటోలే చూపిస్తాను.

పారాసిటమాల్ సంగతి. ఇది ఎక్కువగా మెదడు, వెన్నుపాము దగ్గర పనిచేసి నొప్పి తెలియడాన్ని తగ్గిస్తుంది. వాపుని పెద్దగా తగ్గించదు. అందుకే మీ నాన్నగారి మాటలో కొంత నిజం లేకపోలేదు, అరిగిన కీళ్ల నొప్పికి దీనివల్ల కలిగే మేలు తక్కువే. నడుం నొప్పి మీద 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో అయితే, పారాసిటమాల్ వాడినవాళ్లూ, మందు లేని ఉత్తి బిళ్ల వాడినవాళ్లూ దాదాపు ఒకే సమయంలో కోలుకున్నారు. అయినా పెద్దవాళ్లకి చాలామంది డాక్టర్లు ఇంకా దీంతోనే మొదలుపెడతారు. కారణం, మామూలు మోతాదులో పొట్టనీ కిడ్నీలనీ ఇబుప్రోఫెన్ లాంటి రెండో రకం మందులంతగా ఇబ్బంది పెట్టదు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దలకి ఒకసారికి 500 నుంచి 1000 మి.గ్రా., కనీసం 4 నుంచి 6 గంటల ఎడం, రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచగా ఉన్నవాళ్లకీ, లివర్ జబ్బు ఉన్నవాళ్లకీ, రోజూ మద్యం తాగేవాళ్లకీ అంతకంటే తక్కువ, ఎంతన్నది డాక్టర్ చెప్పాలి. మోతాదు మించితే దెబ్బ లివర్ మీద పడుతుంది. ఈ మందు లివర్లో విరిగేటప్పుడు కొంచెం విషపదార్థం తయారవుతుంది. మామూలుగా గ్లుటాథయోన్ అనే పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. మందు ఎక్కువై ఆ గ్లుటాథయోన్ అయిపోతే లివర్ కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. ఇందులో దొంగదెబ్బ ఏమిటంటే మొదటి రోజు ఏమీ తెలియదు, మహా అయితే వాంతులు. కళ్లు పచ్చబడేసరికి చాలా ఆలస్యం అయిపోయి ఉంటుంది. దీనికి ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, 8 గంటల లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. కాబట్టి ఎవరైనా పొరపాటున ఎక్కువ మింగితే లక్షణాల కోసం కాచుకు కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక మీ అసలు సమస్య, ఆ రెండో రకం. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, పెద్ద మోతాదులో ఆస్పిరిన్, అన్నీ ఒకే కుటుంబం. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవకుండా ఇవి అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో కనిపెట్టిన జాన్ వేన్‌కి 1982లో నోబెల్ వచ్చింది. వాపునీ నొప్పినీ పుట్టించే ఆ ప్రోస్టాగ్లాండిన్లే పొట్ట లోపలి పొరని యాసిడ్ నుంచి కాపాడతాయి, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూస్తాయి. మాత్రకి మోకాలు ఏదో, కిడ్నీ ఏదో తెలియదు. అన్ని చోట్లా ఒకేసారి ఆపేస్తుంది.

మీ ఇంజెక్షన్ ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. పొట్ట పాడయ్యేది మాత్ర అక్కడ తగలడం వల్ల మాత్రమే కాదు, మందు రక్తంలోంచి పొట్ట పొరకి చేరి ఆ రక్షణని తీసేయడం వల్ల. తుంటికి వేసినా, మలద్వారంలో పెట్టే మందైనా అదే జరుగుతుంది. తిన్న తర్వాత వేసుకుంటే మంట తగ్గుతుంది, పుండు పడే ప్రమాదం పోదు. పొట్ట ప్రమాదం ఉన్నవాళ్లకి డాక్టర్లు యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ లాంటిది కలిపి రాసేది అందుకే. పెద్దవాళ్లలో కడుపునొప్పి ఏమీ లేకుండానే లోపల రక్తం కారొచ్చు. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలకి కూడా నల్లగా అవుతుంది, అది వేరే సంగతి, కానీ అనుమానం డాక్టరే తీర్చాలి.

మా అమ్మ విషయంలో కథ కిడ్నీల దగ్గర తిరిగింది. బీపీకి ఒక డాక్టర్ రాసిన మాత్రలో టెల్మిసార్టన్, నీరు తీసే మందు రెండూ కలిసి ఉండేవి. మోకాళ్లకి ఇంకో డాక్టర్ డైక్లోఫెనాక్ రాశారు. ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు. కొన్నాళ్లకి పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. అదుపులో ఉన్న బీపీ పెరిగింది. ఇంకో బీపీ మాత్ర కలపాలన్నారు. అదృష్టం కొద్దీ రక్త పరీక్ష చేయించమన్నారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంది. ఆ కాయితం చూసిన కిడ్నీ డాక్టర్ మందులన్నీ బల్ల మీద పెట్టమని, స్ట్రిప్పులు వరసగా పేర్చి, డైక్లోఫెనాక్‌ని వేలితో పక్కకి తోసేశారు. "కొత్త బీపీ మాత్ర అక్కర్లేదు, ముందు ఇది ఆపండి" అన్నారు. ఆపాక వాపు తీసింది, తర్వాతి పరీక్షల్లో క్రియాటినిన్ దిగింది.

ఆయన చెప్పిన లెక్క ఇది. కిడ్నీలోకి రక్తం వచ్చే గొట్టాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు, పెయిన్ కిల్లర్ వాటిని ఆపి ఆ దారిని ఇరుకు చేస్తుంది. పేరు చివర "సార్టన్" అనో "ప్రిల్" అనో ఉండే బీపీ మందులు బయటికి పోయే గొట్టాన్ని వదులు చేస్తాయి. నీరు తీసే మందు అసలు ద్రవమే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోతకి కావలసిన ఒత్తిడి పడిపోతుంది. విరేచనాలో వాంతులో పట్టుకున్న రోజున ఇది మరీ ప్రమాదం. మీ నాన్నగారి బీపీ మాత్ర పేరు చివర ఏముందో ఇవాళే చూడండి.

గుండె సంగతి కూడా ఉంది. ఈ కుటుంబంలోనిదే రోఫెకాక్సిబ్ అనే మందుని గుండెపోట్ల ప్రమాదం వల్ల 2004లో మార్కెట్ నుంచి తీసేశారు. 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ మిగతావాటి మీద హెచ్చరికను గట్టి చేసింది. గుండెపోటు, పక్షవాతం ప్రమాదం వాడిన మొదటి వారాల్లోనే మొదలవ్వచ్చు, మోతాదు పెరిగిన కొద్దీ పెరుగుతుంది అని. ఎటోరికాక్సిబ్ పొట్టకి కాస్త మేలని రాస్తారు గానీ, బీపీ 140/90 పైనే ఉండిపోతున్నవాళ్లకి అది పనికిరాదు. గుండెకి రోజూ చిన్న ఆస్పిరిన్ వాడేవాళ్లు ఇబుప్రోఫెన్ కలిపితే ఆ ఆస్పిరిన్ ప్రభావం దెబ్బతినొచ్చు, అడగకుండా కలపొద్దు.

మరి మా అమ్మకి ఏం మిగిలింది? జెల్. డైక్లోఫెనాక్ జెల్ అంటే మొదట నేనూ తేలిగ్గా తీసుకున్నాను, పై పూతలకి ఏం తగ్గుతుందిలే అని. మోకాలు చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మందు అందుతుంది, తుంటి కీలు లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ లాభం లేదు. సరిగ్గా రాసినా రక్తంలోకి చేరేది మాత్ర వేసుకున్నప్పటితో పోలిస్తే 6 శాతం లాంటిది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లు దీనికి కూడా అడగాలి. చాలామందికి పనిచెయ్యకపోవడానికి కారణం పిసినారితనం. 1 శాతం జెల్ అయితే ఒక్కో మోకాలికి ఒకసారికి 4 గ్రాములు, రోజుకి 4 సార్లు అని దాని కాయితం మీదే ఉంటుంది. మా అమ్మ వేలి కొసకి అంటించుకుని అలా రాసేసేది. సరైన మోతాదులో, క్రమం తప్పకుండా వారం పైన రాశాకే తేడా తెలిసింది. రాశాక చేతులు కడుక్కోవాలి, దాని మీద వేడి కాపడం పెట్టకూడదు, గాయం ఉంటే రాయకూడదు.

ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు గురించి రెండు మాటలు. ఒకసారి అమ్మ జారి పడినప్పుడు రాశారు. నొప్పి తగ్గింది, కానీ వికారం, మలబద్ధకం, రాత్రి బాత్రూముకి లేస్తే కళ్లు తిరగడం. ఇంకోసారి పడుతుందేమోనని నాకు నిద్రపట్టేది కాదు. అలవాటయ్యే మందు కూడా, చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్లూ, డిప్రెషన్ మందులు వాడేవాళ్లూ ముందే చెప్పాలి. మోకాళ్ల అరుగుదలకి రోజువారీ మందుగా ఇది నాకు నచ్చలేదు.

షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు వేరే జాతి. నరాల నొప్పికి పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ లాంటివి పెద్దగా పనిచెయ్యవు. ప్రీగాబాలిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. ప్రీగాబాలిన్‌కి మత్తు, పాదాల వాపు రావచ్చు.

ఆయన స్ట్రిప్ ఇంట్లో మిగతావాళ్లు కూడా వాడుతుంటారు కదా. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, ఇబుప్రోఫెన్ కుటుంబం మందులు రక్తస్రావం పెంచుతాయి. గర్భిణులు 20 వారాల తర్వాత డాక్టర్ చెబితే తప్ప వీటిని ముట్టకూడదు. పిల్లలకి ఆస్పిరిన్ అసలు వద్దు. ఆస్తమా ఉన్న కొందరికి వీటితో ఆయాసం రేగుతుంది. తలనొప్పికి నెలలో 15 రోజులకి పైగా మామూలు మాత్రలు మింగుతూ నెలలు గడిపితే, ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది.

మా అమ్మకి మాత్రల అవసరం నిజంగా తగ్గించింది జెల్‌తో పాటు ఫిజియోథెరపిస్టు నేర్పిన తొడ కండరాల వ్యాయామం. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి కాసేపు నిలపడం, దించడం. మొదట్లో నొప్పి ఎక్కువైందని మానేస్తానంది. నెలలు పట్టింది, కానీ ఇప్పుడు మెట్లెక్కేది దాని వల్లే. ప్రయాణం ఉన్న రోజున పారాసిటమాల్ వేసుకుంటుంది, అంతే.

మీరు చేయాల్సింది, ఆయన మందులన్నిటి ఫొటోలతో బీపీ చూసే డాక్టర్ని కలిసి, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించడం. ఆ లోపల మూత్రం తగ్గినా, కాళ్లు ఉబ్బినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగొద్దు. ఇదంతా చదివి భయపడి బీపీ మాత్ర మాత్రం ఆపించకండి. అనుమానించాల్సింది పెయిన్ కిల్లర్‌ని, దాన్ని కాదు.