ఖాళీ సైటును వదిలేస్తే దానంతట అదే అడవి అవుతుందా?

ప్రైమరీ, సెకండరీ సక్సెషన్ పుస్తకంలో చదివాను, బెంగళూరులో ఎక్కడైనా కళ్లతో చూడొచ్చా, ఖాళీ సైటు వదిలేస్తే అడవి అవుతుందా అని ఒకరు అడిగారు. సక్సెషన్ అంటే ఒక చోట ఒక రకం మొక్కల తర్వాత ఇంకో రకం వరసగా రావడం. మట్టే లేని చోట మొదలైతే ప్రైమరీ, మట్టి మిగిలిన చోట మళ్లీ మొదలైతే సెకండరీ.

ప్రైమరీ కావాలంటే లాల్‌బాగ్ బండ ఎక్కండి. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. అందరూ కెంపేగౌడ గోపురం దగ్గర సెల్ఫీలు దిగి వెళ్లిపోతారు గానీ, కాళ్ల కింద పెచ్చుల్లా అంటుకున్న లైకెన్లను (నాచు, శిలీంధ్రం కలిసి బతికే జీవులు) ఎవరూ చూడరు. పగుళ్లలో చారెడు మట్టి చేరిన చోట మాత్రం గడ్డి ఉంటుంది. మట్టే లేని చోట మొదలు కాబట్టి అది ఇప్పట్లో తెమిలే వ్యవహారం కాదు.

సెకండరీ మా అపార్ట్‌మెంట్ పక్కనే చూశాను. ఓనరు పునాది తవ్వించి, ఏం గొడవ వచ్చిందో ఏమో, వదిలేశాడు. మట్టి ఉంది, అందులో విత్తనాలూ ఉన్నాయి. తొలి వానలకే వయ్యారిభామ (పార్థీనియం కలుపు) నడుమెత్తు లేచింది, అంచుల్లో గడ్డి చామంతి. తర్వాత ఆముదం. ఆపైన సుబాబుల్ మా బాల్కనీ దాకా ఎదిగింది. దాని నీడ పడేసరికి కింద వయ్యారిభామ పలచబడిపోయింది. కాకులు వాలే గోడవారన ఒక రావి మొలక కూడా వచ్చింది. ముందొచ్చిన మొక్కే నేలనూ వెలుతురునూ మార్చేసి ఇంకోదానికి చోటివ్వడం, ఇదే సక్సెషన్‌కు లోపలి కారణం.

ఇంతలో పాములొస్తాయని మా గ్రూపులో టెన్షన్ మొదలైంది. జేసీబీ పిలిచారు, మెయింటెనెన్స్ డబ్బుల్లోంచే. లిఫ్టు రిపేరుకి మాత్రం నెలల తరబడి మీటింగులు! మళ్లీ వానలు పడ్డాయి, సైటంతా వయ్యారిభామే, బిల్డింగులో సగం మందికి తుమ్ములు. నేల గెలికిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. ఆ కలుపును తిట్టేదీ వీళ్లే, పెంచేదీ వీళ్లే.

చెరువుల్లోనూ అంతే. పూడిక చేరి, తుంగ పెరిగి చెరువు మెల్లగా నేలవడం సహజమే. కానీ డ్రైనేజీ నీళ్లతో నత్రజని, ఫాస్ఫరస్ వచ్చిపడి గుర్రపు డెక్క కమ్మేస్తే ఆ తప్పు ప్రకృతి మీదికి నెట్టకండి. అది బయటి కారణం.

ఇక అడవి సంగతి. ఒక్కో వాతావరణానికి చివరికి ఒకే రకం అడవి ఖాయమని 1916లో అమెరికా వృక్ష శాస్త్రవేత్త క్లెమెంట్స్ అన్నాడు. అదేం లేదు, ఏ విత్తనం చేరి బతికితే అదే ఉంటుందని 1926లో అక్కడివాడే ఇంకో శాస్త్రవేత్త గ్లీసన్ కొట్టిపారేశాడు. నేను గ్లీసన్ పార్టీ. చుట్టూ సుబాబుల్, లాంటానా పెట్టుకుని మద్ది లాంటి అడవి చెట్టు విత్తనం రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుందండీ? చెట్లొస్తాయి, అడవి రాదు.

మీకు సైటుంటే వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు గ్లవుజులు వేయించి, వేళ్లతో సహా పీకించండి. మిగతావాటి జోలికి పోకండి. పాములంటారా, అవి ఎలుకల కోసం వస్తాయి, ఎలుకలు చెత్త కోసం. రాత్రిపూట ఆ సైటులోకి చెత్త కవర్లు విసిరేది మా మూడో అంతస్తు వాళ్లే, గ్రూపులో అందరికన్నా గట్టిగా అరిచిందీ వాళ్లే.