కాలేజీల లెక్క తర్వాత, ముందు మీ ఆయన్ని కూర్చోబెట్టండి

ఖమ్మం నుంచి ఒక తల్లి రాశారు. కొడుకు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. జేఈఈ మెయిన్ జనవరి సెషన్‌లో 86 పర్సంటైల్ వచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆవిడ తమ్ముడు పదమూడు కాలేజీల జాబితా పంపించి, అన్నిటికీ అప్లై చేయించమన్నాడట. "అన్నిటికీ పెడితే డబ్బు దండగేమో అనిపిస్తోంది, తక్కువ పెడితే రేపు ఏ సీటూ రాకపోతే నన్నే అంటారు. ఎన్ని పెట్టమంటారు? మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు, ఈ చదువుల సంగతి ఆయనకేం తెలుసు. బాబు ఏది చెప్పినా సరే అంటాడు" అని ఆవిడ గోడు.

అమ్మా, మీరు అడిగినదానికి జవాబు రెండు నిమిషాల పని, ముందు అది కానిచ్చేద్దాం. మీరు జత చేసిన జాబితా చూశాను. విట్ వేలూరు, విట్ చెన్నై, విట్ అమరావతి అని మూడు వరుసలు ఉన్నాయి, ఆ మూడింటికీ కలిపి అప్లికేషన్ ఒకటే, పరీక్షా ఒకటే. బిట్స్ పిలానీ, గోవా, హైదరాబాద్ కూడా అంతే, వాళ్ల ఎంట్రన్స్ బిట్‌శాట్ ఒక్కటి రాస్తే చాలు. ఎన్‌ఐటీ వరంగల్‌కి విడిగా అప్లై చేసేదేముంది, జేఈఈ మెయిన్ ర్యాంకుతో, ఎన్‌ఐటీల సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టుకోవడమేగా. హైదరాబాద్ కాలేజీలు సీబీఐటీ, వాసవి మన రాష్ట్ర ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో వచ్చేవి. అంటే పదమూడు కాస్తా ఆరయ్యాయి. ఆ ఆరులో హాస్టల్‌తో కలిపి నాలుగేళ్ల ఖర్చు మీరు మోయగలిగేవి మూడుంటే ఆ మూడింటికే పెట్టండి, మిగతావి కొట్టేయండి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకుంటూ పెట్టే వెబ్ ఆప్షన్లకి పరిమితి లేదు, వంద పెట్టుకున్నా ప్రాసెసింగ్ ఫీజు ఒక్కసారే, అక్కడ చూసుకోవాల్సింది ఏది పైన, ఏది కింద అనే వరుస. అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది కూడా కన్వీనర్ సీటుకే, అంటే ఆ కౌన్సెలింగ్‌లో ర్యాంకుతో వచ్చే సీటుకే. కాబట్టి మీవాడి కష్టమంతా మార్చిలో ఇంటర్ పరీక్షల మీద, మేలో ఎప్‌సెట్ మీద ఉండాలి. తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు, ఆ 160 మార్కుల పేపరే ర్యాంకు తేలుస్తుంది, అందులో సగం లెక్కలే. ఆదివారానికో ప్రైవేటు ఎంట్రన్స్ అని పిల్లాణ్ని ఊళ్లు తిప్పితే ఆ లెక్కలు ఎప్పుడు చేస్తాడు?

సరే, కాలేజీల సంగతి అయిపోయింది. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఉత్తరం చివర్లో, పెద్దగా పట్టించుకోకుండా రాసినట్టున్న ఒక మాట ఉంది. ఫీజులన్నీ మీ ఆయన కార్డు మీదే కడుతున్నారు, ఓటీపీ ఆయన ఫోన్‌కి వస్తుంది, "అడిగితే ఓటీపీ చెప్పేసి షాపుకి వెళ్లిపోతారు, ఏ కాలేజీ అని కూడా అడగరు" అన్నారు. ఆయనకి పట్టదు అనడానికి సాక్ష్యంగా రాశారు ఆ మాట. నాకు వేరేలా వినిపించింది. కన్నకొడుకు చదువులో ఆ మనిషికి మిగిల్చిన పని ఆరంకెలు చదివి చెప్పడం ఒక్కటే. ఎవరు మిగిల్చారు? మీ తమ్ముడు కాదు. తమ్ముడు తనకి తెలిసింది చెప్పాడు, అక్క కొడుకు మీద ప్రేమతోనే చెప్పి ఉంటాడు. ఆ జాబితా రాగానే "ఏమండీ, వాడు ఇలా పంపాడు, మీరేమంటారు" అని అడగాల్సింది మీరు. అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. "తమ్ముడు చెప్పాడు" అని మాత్రం ఏడెనిమిది చోట్ల ఉంది.

పుట్టింటి మీద ప్రేమ ఉండకూడదని నేననను, నాకూ ఉంది, మా తమ్ముణ్ని ఎవరైనా ఒక మాటంటే ఇప్పటికీ ఊరుకోను. కానీ మన ఇంట్లో ఏం జరగాలో పుట్టింటివాళ్లు తేల్చడం మొదలైతే కట్టుకున్నవాడు తన ఇంట్లోనే చుట్టమైపోతాడు. ఇరవై ఏళ్లుగా షాపు నడిపి, ఇల్లు గడిపి, కొడుకుని కార్పొరేట్ కాలేజీలో చదివిస్తున్న మనిషిని పట్టుకుని "ఆయనకేం తెలుసు" అనేశారు. నాకు రాసేటప్పుడే అంత తేలిగ్గా వచ్చిందంటే ఆ మాట ఇంట్లో ఆయన ముందు, కొడుకు ముందు ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో మీరే చూసుకోండి. ఇంగ్లిష్ ఫారం నింపడం ఆయనకి రాకపోవచ్చు, కానీ ఎంత ఖర్చు మోయగలరో, ఎక్కడ అప్పు చేయాల్సి వస్తుందో, కొడుకు ఎంత దూరంలో ఉంటే తట్టుకోగలడో ఆయనకి తెలిసినంత హైదరాబాద్‌లో ఉన్న మేనమామకి తెలియదు.

మీ ఆయన్ని కూడా వెనకేసుకు రావడం లేదు. మాట్లాడకుండా లేచి వెళ్లిపోవడం పెద్దరికం కాదు, అదో బెట్టు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పాలి. ఆయన చెప్పరు, మీరు అడగరు, మధ్యలో పిల్లాడు. "ఏది చెప్పినా సరే అంటాడు, చాలా బుద్ధిమంతుడు" అని మురిసిపోయారే, ఆ సరే వాడు నేర్చుకుంది వాళ్ల నాన్నని చూసే. నోరు విప్పినా లాభం లేదని ఇంట్లో ఇద్దరు మగవాళ్లకీ అర్థమైపోయింది. కటువుగా ఉంటే క్షమించండి, మెత్తగా చెప్తే మీరు మళ్లీ కాలేజీల లెక్కే అడుగుతారని భయం.

ఇంకోటి. సెలవొస్తే వాడు షాపుకి పోయి కూర్చుంటాడని, కాలిపోయిన మోటారు విప్పి రాగి తీగ చుట్టలు లెక్కపెడుతుంటే తిట్టి ఇంటికి పంపించానని రాశారు. మీ తమ్ముడి జాబితాలో పదమూడు వరుసల్లోనూ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), ఏఐ, డేటా సైన్స్ తప్ప ఇంకో బ్రాంచి లేదు. ట్రిపుల్ఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి, చదివించండని నేను తీర్పు చెప్పడం లేదు, చదువు తప్పించుకోవడానికే షాపుకి పోతున్నాడేమో, నాకేం తెలుసు. కానీ ఎవరైనా వాణ్ని అడిగారా? వాడు మనసులో మాట చెప్పేది వాళ్ల నాన్న పక్కన కూర్చున్నప్పుడే అని నా అనుమానం. అందుకే ఆయన లేకుండా ఈ పని అవ్వదు.

ఇలా చేయండి. ఈ ఆదివారం ముగ్గురూ కూర్చోండి, ఫోన్ స్పీకర్‌లో తమ్ముడు వద్దు. ముందు మీ ఆయన్ని అడగండి, ఏడాదికి ఎంత వరకు పెట్టగలమని. ఆ అంకె ఆయన నోటితోనే రావాలి. తర్వాత పిల్లాణ్ని అడగండి, ఏ బ్రాంచి, ఏ ఊరు అని. సరే అని దాటేస్తే మళ్లీ అడగండి, ఆ గదిలోంచి మీరు కాసేపు లేచి వెళ్లాల్సి వచ్చినా పర్వాలేదు. అప్పుడు మిగిలిన వాటికి అప్లికేషన్ పెట్టండి.

ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలవకముందే సీటు ఖాయం చేసుకోమని, అడ్వాన్సు కట్టమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తాయి. ఏ తేదీలోపు మానుకుంటే ఎంత తిరిగిస్తారో కాగితం మీద చూసుకోకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతిలో పెట్టకండి. ఆ ఫోన్లు మీ నంబరుకి వస్తుంటే మీ ఆయన నంబరు ఇచ్చేయండి. రోజూ షాపులో బేరాలు తెమిల్చే మనిషి, వాళ్ల తీపి మాటలకి మీకన్నా తక్కువ పడతారు.

తమ్ముడికి జాబితా తగ్గించామని చెప్పే పని కూడా మీ ఆయనదే. "బావగారు ఫోన్ చేస్తారు" అని మాత్రం మీరు మెసేజ్ పెట్టండి. వాడు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి, ఉగాదికి వచ్చినప్పుడు మీరే సర్దిచెప్పుకోవచ్చు.