కాలేజీకి వెళ్లాక పిల్లలు మద్యం ఎందుకు మొదలుపెడతారు?

ఇంట్లో ఎవరికీ అలవాటు లేకపోయినా మీ అబ్బాయి ఎందుకు తాగుతున్నాడని అడిగారు. రుచి కోసం మొదలుపెట్టేవారు దాదాపు ఉండరు. మొదటి గుక్క చేదుగానే ఉంటుంది.

హాస్టల్ గదిలో పుట్టినరోజు. మంచం మీద పరిచిన పాత దినపత్రిక, దానిపై మిక్చర్ పొట్లం, ప్లాస్టిక్ గ్లాసులు. సీనియర్ ఒకడు గ్లాసు అందించి, "ఒక్కసారికి ఏమవుతుంది?" అంటాడు. వద్దంటే రేపటి నుంచి ఆ గుంపులో చోటుండదేమోనన్న భయమే చేయి చాపిస్తుంది. కొత్త ఊరిలో స్నేహితులే సర్వస్వమైన వయసు అది. ఈ భయాన్ని పెద్దలు చాలా తేలిగ్గా తీసుకుంటారని నా అభిప్రాయం.

మెదడు కూడా ఇందుకు తోడవుతుంది. నిగ్రహాన్ని, ముందుచూపును నడిపే ముందుభాగం సుమారు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. మద్యం వల్ల మెదడులో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం హాయినిస్తుంది, బిడియం సడలుతుంది. అమ్మాయిలతో, అపరిచితులతో మాట్లాడలేని కుర్రవాడికి అది ధైర్యంలా తోస్తుంది.

తప్పిన సబ్జెక్టులు, రాని ఉద్యోగం, పట్టని నిద్ర మరో కారణం. తాగితే త్వరగా నిద్ర పడుతుంది గానీ తెల్లవారుజామున చెదిరిపోతుంది. మర్నాడు ఆందోళన ఇంకా పెరుగుతుంది, మళ్లీ గ్లాసే గుర్తొస్తుంది. అలవాటు ముదిరేది ఇక్కడే.

తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు, అయినా దొరుకుతుంది.

అబ్బాయిని నిలదీయకండి. ఎప్పుడు, ఎవరితో, ఏ బాధలో తాగుతున్నాడో నెమ్మదిగా అడగండి. అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం.