బీఎస్సీ నర్సింగ్ తర్వాత పబ్లిక్ హెల్త్ రీసెర్చ్‌లో చేరొచ్చా?

అడిగినవారు రాసింది క్లుప్తంగా ఇదీ: బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. ఇంట్లోవాళ్లు జర్మన్ నేర్చుకుని బయటి దేశం వెళ్లమంటున్నారు. తనకేమో ఇక్కడే ఉండి పబ్లిక్ హెల్త్ రీసెర్చ్ ప్రాజెక్టుల్లో పనిచేయాలని ఉంది. నర్సుకి అక్కడ పని ఉంటుందా, విలువ ఉంటుందా అని అడుగుతున్నారు.

పని ఉంటుంది, బోలెడంత. మన దేశంలో చాలా ఆరోగ్య సర్వేల్లో సూది గుచ్చేదీ, బీపీ చూసేదీ, బిడ్డని తూచేదీ, గుమ్మంలో గంటసేపు కూర్చుని ప్రశ్నలడిగేదీ నర్సో, ఏఎన్ఎమ్మో, ఆశా కార్యకర్తో. విలువ దగ్గరికొచ్చేసరికి నాకు చెప్పాల్సింది చాలా ఉంది. పన్నెండేళ్లుగా స్టాఫ్ నర్సుని. మధ్యలో రెండేళ్లు ఆ ఉద్యోగం వదిలి, గర్భిణుల్లో రక్తహీనత మీద జరిగిన ఒక అధ్యయనంలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేశాను. చేయించిన సంస్థ పేరు చెప్పను.

మాకు పడింది పాడేరు వైపు ఏజెన్సీ. వెళ్లింది డిసెంబరులో. అక్కడ అవి కాఫీ పళ్లు కోసే రోజులు. ఆడవాళ్లు పొద్దున్నే తోటలకి వెళ్లిపోతారు, గర్భిణులు కూడా. వాళ్లు ఇంట్లో దొరకాలంటే ఆరింటికల్లా మనం ఊళ్లో ఉండాలి. ఆ వేళకి పొగమంచు ఎలా ఉంటుందంటే, ముందు నడిచే ఆశా అక్క శాలువా తప్ప ఇంకేమీ కనపడదు.

వేలి నుంచి రక్తం తీసే పద్ధతి మాకు బాగానే నేర్పారు. స్పిరిట్‌తో తుడవాలి, ఆరనివ్వాలి, లాన్సెట్ అనే చిన్న సూదితో గుచ్చాలి. మొదటి రెండు చుక్కలు దూదితో తుడిచేసి, మూడో చుక్క క్యువెట్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కలోకి తీసుకుని, హిమోగ్లోబిన్ కొలిచే మీటర్లో పెట్టాలి. వేలు మాత్రం పిండకూడదు. పిండితే రక్తంతో పాటు కండలో ఉండే నీరు కూడా వచ్చి కలుస్తుంది. అప్పుడు రక్తం పల్చబడి, హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇదంతా ట్రైనింగ్ హాల్లో ఒకరి వేలు ఒకరం గుచ్చుకుని ప్రాక్టీస్ చేశాం. అందరికీ చుక్క గుండ్రంగా, నిండుగా నిలబడింది.

పాడేరు చలిలో నిలబడదు. వేళ్లు కొయ్యముక్కల్లా ఉంటాయి. గుచ్చితే ఆవగింజంత వచ్చి ఆగిపోతుంది. అవతల ఇంకా ఎనిమిది ఇళ్లుంటాయి, వాళ్లు తోటకి బయల్దేరిపోతుంటారు. ఇంకేం చేస్తాం, పిండుతాం. నేనూ పిండాను, మా టీమ్ అంతా పిండింది.

ఒకరోజు ఒక ఏడో నెల గర్భిణి దగ్గర కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. గుచ్చాను, రాలేదు. పిండితే వచ్చింది, మీటరు 8.7 చూపించింది. ఆ అమ్మాయి నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. “చెయ్యి సల్లగైపోతే రగతం ఎలాగొస్తాది నర్సమ్మా? ఉండు, పొయ్యి కాడ కాసుకొనొస్తాను” అని లోపలికి వెళ్లింది. రెండు నిమిషాలు రెండు అరచేతులూ మంట దగ్గర పెట్టుకుని వచ్చి, ఇంకో వేలు తనే చాపింది. మళ్లీ గుచ్చనా అని అడిగాను, గుచ్చమంది. ఈసారి ముట్టుకోకుండానే చుక్క పొంగింది. మీటరు 10.2 చూపించింది.

గర్భిణికి వంద మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటాం. 10 నుంచి 10.9 దాకా స్వల్పం, 7 నుంచి 9.9 దాకా మధ్యస్థం, 7 కంటే తక్కువైతే తీవ్రం. అంటే పొయ్యి దగ్గర రెండు నిమిషాలు కూర్చున్నందుకు ఆ అమ్మాయి ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి మారిపోయింది. మా ఫారంలో హిమోగ్లోబిన్‌కి ఉన్నది ఒకటే గడి. రూలు ప్రకారం మొదటి రీడింగే రాయాలి కాబట్టి 8.7 రాశాను. ఆ అంకె రాసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మర్నాటి నుంచి ప్రతి ఇంట్లో ముందు చేతులు కాచుకోమని, ఆ తర్వాతే గుచ్చడం మొదలుపెట్టాను. చేతులు వేడి చేయకూడదని మా ప్రోటోకాల్లో, అంటే అధ్యయనం ఎలా చేయాలో రాసిన పత్రంలో, ఎక్కడా లేదు, చేయాలనీ లేదు. రాసినవాళ్లకి చలి సంగతి తట్టలేదు, అంతే.

పది రోజుల తర్వాత సూపర్‌వైజర్ సార్ ఫోన్ చేశారు. “మేడమ్, మీ ఊళ్ల సగటు మిగతావాళ్ల కంటే గ్రాము పైనే ఎక్కువ వస్తోంది. ఇళ్లకి వెళ్తున్నారా, రూమ్‌లో కూర్చుని రాస్తున్నారా?” అన్నారు. ఏ వార్డులోనూ నన్నెవరూ అంత మాట అనలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

వాళ్లు చెకింగ్ టీమ్‌ని పంపారు. ఆ టీమ్ జీపులో బయల్దేరి ఊరు చేరేసరికి పదకొండు దాటింది, ఎండ బాగా కాస్తోంది. తోటకి వెళ్లకుండా ఉన్నవాళ్లని పిలిపించి గుచ్చారు. వాళ్లకి వచ్చిన అంకెలు నా అంకెల పక్కనే ఉన్నాయి. ఆ సాయంత్రం చలి సంగతి, పిండడం సంగతి, పొయ్యి సంగతి మొత్తం సార్‌కి చెప్పాను. ఓపిగ్గానే విన్నారు. “మధ్యలో పద్ధతి మారిస్తే పాత డేటాకీ కొత్త డేటాకీ పొంతన ఉండదు, కానివ్వండి” అన్నారు. అంతటితో అయిపోయింది. మిగతా ఇన్వెస్టిగేటర్లకి ఒక్క మెసేజ్ కూడా వెళ్లలేదు.

ఏజెన్సీలో చలికాలం పొద్దున్నపూట తీసిన వేలి రక్తం అంకెల్లో చాలా భాగం చలి చూపించిన అంకెలే అని నా నమ్మకం. నా దగ్గరున్న ఆధారం ఏడు ఊళ్లు, ఒక నోటుబుక్కు. ఎవరైనా కాదంటే ఆ వేళకి అక్కడికి వెళ్లి ఒక వేలు పట్టుకుని చూసి రమ్మంటాను. వేలి రక్తం మీద సందేహం నాకొక్కదానికే కూడా కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి రక్తమే తీసేవారు. 2015–16 సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 58.6 శాతం అని వచ్చింది. దాదాపు అవే రోజుల్లో, 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో సిర నుంచి రక్తం తీసి చూస్తే, ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతం అని తేలింది. వయసుల లెక్క కొంచెం వేరే, ల్యాబు పద్ధతీ వేరే. అయినా అంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వేలు పట్టుకునేవాళ్లని అడిగితే కొంతైనా చెప్పగలరు కదా. రక్తహీనత లేదని నేననడం లేదు. 2019–21 సర్వేలో మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి ఉందన్నారు, వార్డులో పాలిపోయిన కనురెప్పలు నేను రోజూ చూస్తాను. సరిగ్గా కొలవకపోతే ఏ మాత్ర పనిచేసిందో, ఏది పనిచేయలేదో ఎప్పటికీ తెలియదు. నా గోడు అంతా అదే.

సమ్మతి పత్రం గురించి కూడా చెప్పాలి. మాది నాలుగు పేజీలు. ఇంగ్లీషులో రాసి, తెలుగులోకి మార్చి, ఎవరికీ చదివి వినిపించకుండా ప్రింటు చేసిన పత్రం. “పాల్గొనుటకు నిరాకరించు హక్కు” అని చదువుతుంటే ఆ తల్లులు నా మొహం వంక చూస్తారు. “ఇష్టం లేకపోతే వద్దనొచ్చు అమ్మా, నీకు రావలసిన మాత్రలేమీ ఆగవు” అని నేను నా మాటల్లో చెప్పేదాన్ని. దీన్ని చిన్న విషయం అనుకోకండి. 2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మీద అధ్యయనం జరిగింది. హాస్టల్ పిల్లల పత్రాల మీద తల్లిదండ్రులకి బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ అధ్యయనం ఆపేశారు, 2013లో పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. టీకా వేయించుకున్న పిల్లల్లో జరిగిన కొన్ని మరణాలకి టీకా కారణం కాకపోవచ్చని విచారణలో తేలినా, సంతకాల తప్పు తప్పుగానే మిగిలింది. ఆ గదుల్లో సిరంజి పట్టుకున్న చేతులు మనలాంటివాళ్లవే. ఆ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడ అని గట్టిగా అడిగే ధైర్యం నర్సుకి ఉండాలి. అడిగితే ఉద్యోగం పోని పద్ధతి కూడా ఉండాలి.

మన నర్సింగ్ కాలేజీల మీద కూడా నాకు కోపం ఉంది. ఎమ్మెస్సీ థీసిస్‌లు తీసి చూడండి. ఫలానా విషయంపై ఎంపిక చేసిన ఆసుపత్రిలోని వారి పరిజ్ఞానంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం ప్రభావం. చాలావాటికి ఇదే టైటిల్, జబ్బు పేరు ఒక్కటే మారుతుంది. అరవై మందికి ప్రీటెస్ట్, ఒక ఫ్లిప్‌చార్ట్ పాఠం, వారం తర్వాత పోస్ట్‌టెస్ట్. మార్కులు పెరుగుతాయి, పాఠం చెప్తే పెరగవా మరి. వార్డులో రాత్రి రెండింటికి ఒకే నర్సు నలభై మందిని ఎలా చూస్తోంది, యాంటీబయాటిక్ డోసు ఎన్ని గంటలు ఆలస్యమవుతోంది, ఇలాంటివాటి మీద ఎవరూ రాయరు. రాయనివ్వరు కూడా. మొన్నామధ్య ఒక విద్యార్థిని ఈ డోసుల విషయమే ఎంచుకుంటే, ఆసుపత్రి పర్మిషన్ రాదు, వేరేది చూసుకో అని గైడ్ మార్పించారు.

నర్సుకి లెక్కలెందుకు అనేవాళ్లకి నేనొకటే చెబుతాను. ప్రతి మే 12న మనం దీపాలు పట్టుకుని తలుచుకునే, నర్సింగ్ వృత్తికి ఆద్యురాలైన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యురాలైన మొదటి మహిళ. సైనికులు గాయాలకంటే జబ్బులతోనే ఎక్కువ చనిపోతున్నారని ఆవిడ చార్టులు గీసి చూపించారు. మన కాలేజీల్లో దీపం ఉంటుంది, ఆ చార్టు ఏ గోడ మీదా ఉండదు.

మన దగ్గరే అంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 39 ఊళ్లలో, తక్కువ చదువుకున్న ఊరి ఆడవాళ్లకే పురిటిబిడ్డల ఊపిరి లెక్కపెట్టడం, తూచడం, ఇన్ఫెక్షన్ గుర్తుపట్టి ఇంజెక్షన్ చేయడం నేర్పారు. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈరోజు మన ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకి వెళ్లి బిడ్డని చూస్తున్నారంటే దానికి మూలం అక్కడుంది. ఆ ఊరి ఆడవాళ్లని లెక్కలు రాసుకొచ్చేవాళ్లుగానే చూసి ఉంటే ఆ ఫలితం వచ్చేదే కాదు.

కాబట్టి చేరండి. కానీ ఇంటర్వ్యూలో మీరు కూడా ప్రశ్నలడగండి. ఫీల్డ్ నోట్స్ రాయిస్తారా, రాస్తే ఎవరు చదువుతారు? రక్తం ఇచ్చిన మనిషికి తన రిజల్టు చెప్తారా? పైలట్, అంటే ముందుగా కొద్దిమంది మీద చేసి చూసేటప్పుడు, ఇన్వెస్టిగేటర్లు మీటింగ్‌లో కూర్చుంటారా? పేపర్లో పేర్లు ఎవరివి వేస్తారు? వీటికి సూటిగా జవాబు చెప్పేవాళ్ల దగ్గర జీతం కాస్త తక్కువైనా చేయండి. కాంట్రాక్టు పదకొండు నెలలకే ఇస్తారు, దానికి కంగారు పడకండి, చాలాచోట్ల అంతే. ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం), స్టాటిస్టిక్స్ మాత్రం సొంతంగానైనా గట్టిగా నేర్చుకోండి. ఆరోజు సార్ ముందు నా ఏడు ఊళ్ల అంకెలు గ్రాఫ్‌గా గీసి పెట్టగలిగి ఉంటే, కానివ్వండి అని అంత తేలిగ్గా అనగలిగేవారు కాదు.

మా అధ్యయనంలో 7 కంటే తక్కువ వచ్చినవాళ్లనే ఆసుపత్రికి పంపమన్నారు, మిగతావాళ్లకి అంకె చెప్పమని ఎక్కడా లేదు. నేను పొయ్యి దగ్గర చేతులు కాచుకొచ్చిన ఆ అమ్మాయి తల్లీబిడ్డ రక్షణ కార్డు మీద పెన్సిల్‌తో “10.2, చేతులు కాచుకున్నాక” అని రాసిచ్చాను. తర్వాతి నెల ఆ ఊరి ఏఎన్ఎం ఫోన్ చేసింది. “ఈ రాత నీదేనా అక్కా, చేతులు కాచుకోవడమేంటి?” అని అడిగింది. చెప్పాను. ఇప్పుడు ఆ సబ్‌సెంటర్లో చలికాలం గర్భిణుల చెకప్ రోజున, రిజిస్టరు తెరవకముందే ఒక గిన్నెలో వేణ్నీళ్లు పెడుతున్నారు.