పెట్టెల్లో దాచిన స్నీకర్లతో కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మేముండేది హైదరాబాద్ కొత్తపేటలో. మా బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రెండేళ్లుగా పాకెట్ మనీ, పండగలకు చుట్టాలిచ్చే డబ్బులు అన్నీ స్నీకర్ల మీదే పెడుతున్నాడు. కొన్న జత వేసుకోడు. రేటు పెరిగాక అమ్ముతానని పెట్టెలోనే ఉంచుతాడు. ఈమధ్య 14 వేలకు కొన్నది 17 వేలకు అమ్మాడు. ఇక ఇంజినీరింగ్ వద్దు, ఇదే చేస్తానంటున్నాడు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మూడు వేల లాభాన్ని మీరూ బాబూ కూర్చుని నోటుబుక్కులో రాయండి. కొరియర్‌కు ఎంతైంది, యాప్ కమిషన్ ఎంత పోయింది, ఆ జత ఎన్ని నెలలు ఇంట్లో ఉంది, ఇంకా అమ్ముడుపోని జతల్లో ఎంత సొమ్ము ఇరుక్కుంది? మీరు చెప్పకుండానే ఆ పేజీ బాబుకు చాలా చెబుతుంది.

రీసేల్ రేటు అమ్మేవాడి చేతిలో ఉండదు. నైకీ ‘డంక్ లో’ మోడల్‌లో ‘పాండా’ అనే నలుపు తెలుపు జత 2021లో వచ్చినప్పుడు జనం ఎగబడ్డారు. అసలు ధర కంటే బాగా ఎక్కువకు చేతులు మారింది. తర్వాత కంపెనీ మళ్లీ మళ్లీ స్టాకు దింపింది, రీసేల్ రేటు పడిపోయింది. ఎక్కువ రేటుకు కొని దాచుకున్నవాళ్లకు నష్టమే మిగిలింది.

పెట్టెలో ఉంటే చెక్కుచెదరదు అనుకోవడమూ సరికాదు. ఎయిర్ జోర్డాన్ 3, 4 లాంటి మోడళ్లలో పాదం కింద ఉండే మెత్తటి పొరను పాలియురేథేన్‌తో చేస్తారు. గాలిలో తేమ తగిలి అది ఏళ్ల తరబడి లోలోపలే పాడవుతుంది. పైకి కొత్తగానే ఉంటుంది. ఎప్పుడో బయటికి తీసి నాలుగడుగులు వేస్తే సోల్ బిస్కెట్‌లా పొడిపొడిగా రాలిపోతుంది.

అందుకే ఒక జతైనా వేసుకుని తిరగమనండి. బొటనవేలి దగ్గర ముడత ఎలా పడుతోంది, మడమ ఏ పక్క అరుగుతోంది, జిగురు ఎక్కడ విడుతోంది అన్నది చూడమనండి. బూట్ల మీద అంత ప్రేమ ఉన్న పిల్లవాడు వాటిని రేటుగా మాత్రమే చూడటం నాకు బాధగా ఉంది. ఈ రంగంలో నిలబడే ఉద్యోగాలన్నీ బూటును విప్పి చూసినవాళ్లకే వస్తాయి. ఫస్ట్ కాపీ, అంటే అచ్చం అసలులా ఉండే నకిలీ ఏదో, అసలుది ఏదో పట్టుకునే పనికి కూడా ఆ చూపే కావాలి.

ఆ చదువు మీ ఊళ్లోనే ఉంది. రాయదుర్గంలో ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ క్యాంపస్ ఉంది. కేంద్ర వాణిజ్య శాఖ కింద నడిచే ఈ సంస్థకు 2017 చట్టంతో జాతీయ ప్రాధాన్య హోదా ఇచ్చారు. ఫుట్‌వేర్ డిజైన్‌లో నాలుగేళ్ల బీడిజైన్ కోర్సుకు ఇంటర్‌లో ఏ గ్రూప్ అయినా సరిపోతుంది. పని కోసం విదేశాలకే పోనక్కర్లేదు. తడ దగ్గర మాంబట్టులోని అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతున్నాయి.

ఇంజినీరింగ్ దారి మాత్రం ఇప్పుడే మూసేయనివ్వకండి. ఈఏపీసెట్ రాయాల్సిందే. సోల్ మెటీరియల్ మీద పనిచేసేది కెమికల్, పాలిమర్ చదివినవాళ్లే.

అమ్మకాలు పూర్తిగా మాన్పించమని నేను చెప్పను. కొత్త జత కొనాలంటే పాతది అమ్ముడుపోవాలి, ఇంట్లో డబ్బు అడగకూడదు అని హద్దు పెట్టండి. బాబుకు 18 నిండకపోతే చట్టప్రకారం ఒప్పందాలు చేసుకోలేడు. డబ్బు మీ ఖాతాలో పడుతుంటే రేపు జవాబు చెప్పాల్సింది మీరే. వ్యాపారంగా వేరే రాష్ట్రాలకు అమ్మడం మొదలుపెడితే టర్నోవర్ ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అడుగుతారు. కాబట్టి ప్రతి జతకూ బిల్లు దాచమనండి.

ఒక శనివారం ఇద్దరూ రాయదుర్గం క్యాంపస్‌కు వెళ్లి కోర్సు గురించి కనుక్కోండి. ప్రవేశానికి ఆల్ ఇండియా సెలక్షన్ టెస్ట్ రాయాలి. ఇంటర్ పరీక్షల హడావుడిలో దరఖాస్తు గడువు దాటిపోకుండా తేదీలు ఇప్పుడే చూసిపెట్టుకోండి.